చీర్‌వైన్ సాస్‌లో చెర్రీ వాసన నిలవాలంటే

నార్త్ కరోలినాలోని సాల్స్‌బరీలో పుట్టిన చీర్‌వైన్ అనే చెర్రీ రుచి కూల్‌డ్రింకుతో తియ్యని బార్బెక్యూ సాస్ చేసుకోవచ్చని గత సంచికలో నాలుగు మాటలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే. నేను ఈ ఊళ్లోనే కాపురం ఉంటున్నాను. ఈ పానీయమంటే నాకు ప్రాణం. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: రెండు డబ్బాల చీర్‌వైన్‌లో కెచప్, ఒక కప్పు బ్రౌన్ షుగర్ కలిపి గంటసేపు మరిగించాను. చిక్కగానే వచ్చింది గానీ చెర్రీ వాసన ఏమాత్రం లేదు. నోట్లో పెట్టుకుంటే జిగట, తీపి, అంతే. కూల్‌డ్రింకు పోసినా పోయకపోయినా ఒకటేనేమో అనిపించింది. లోపం ఎక్కడుంది? (షార్లెట్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: లోపం ఆ గంటలోనూ, ఆ కప్పు చక్కెరలోనూ ఉందమ్మా. చెర్రీ రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి వాసన. దానికి ముఖ్య కారణం బెంజాల్డిహైడ్ అనే పదార్థం. చేదు బాదం పప్పుకు ఆ వాసన ఇచ్చేదీ అదే. ఆవిరితో పాటు లేచిపోవడం దాని స్వభావం. పానీయం మరుగుతున్నంతసేపూ ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. అంటే గిన్నెలో ఉండవలసింది గాలిలో కలిసిపోతోందన్నమాట. చివరికి అడుగున మిగిలేది రంగు కలిసిన చక్కెర పాకం.

కాబట్టి పానీయాన్ని రెండు వాటాలుగా వాడండి. ఒక వాటా పాకం కోసం, ఇంకొకటి వాసన కోసం. 355 మిల్లీలీటర్ల డబ్బాలు రెండు తీసుకుని, అందులోంచి ఒక పావు కప్పు ముందే పక్కన పెట్టి మూత వేయండి. మిగిలినదాన్ని వెడల్పాటి గిన్నెలో పోసి, మూత లేకుండా, మధ్యస్థమైన సెగ మీద ఇగరనివ్వండి. మొదట్లో గ్యాసు బయటికి పోతూ బాగా నురగ పొంగుతుంది, గిన్నె అంచుల దాకా పోయకండి. ఒక కప్పుకు దిగేసరికి అరగంట పట్టవచ్చు. లేతపాకం కన్నా పలచగా ఉన్నప్పుడే ఆపాలి. తీగపాకం దాకా పోనిస్తే చల్లారాక సాస్ గరిటెకు అతుక్కుని రాదు.

ఇంకో గిన్నెలో ఒక చెంచా వెన్న వేసి, సగం ఉల్లిపాయ తురుము, రెండు వెల్లుల్లి రెబ్బలు పచ్చి వాసన పోయేదాకా వేయించండి. ఇగిరిన చీర్‌వైన్, ఒక కప్పు కెచప్, అర కప్పు యాపిల్ సైడర్ వెనిగర్, ఒక టేబుల్ స్పూన్ వూస్టర్ సాస్, ఒక టీస్పూన్ ఆవపొడి, ఒక టీస్పూన్ మిరియాల పొడి, అర టీస్పూన్ ఎండు మిరప పలుకులు, కొద్దిగా ఉప్పు వేసి సన్న సెగ మీద పావుగంట ఉంచండి. గరిటె వెనక పూతలా నిలిస్తే చాలు. పొయ్యి ఆపి, గోరువెచ్చగా అయ్యాక, పక్కన పెట్టిన పావు కప్పు చీర్‌వైన్, ఇంకో చెంచా వెనిగర్ కలపండి. అప్పుడు వాసన చూడండి, తేడా మీకే తెలుస్తుంది. వాసన ఇంకా గట్టిగా కావాలనుకుంటే బాదం ఎసెన్స్ రెండు చుక్కలు వేయవచ్చు. అందులో ఉండేదీ బెంజాల్డిహైడే కాబట్టి చెర్రీ వెంటనే పైకి లేస్తుంది. రెండు చుక్కలు దాటితే మాత్రం మిఠాయి దుకాణం వాసన వస్తుంది. ఇంట్లో ఎవరికైనా గింజలు పడకపోతే ఈ పని అసలు చేయవద్దు.

ఇక చక్కెర సంగతి. ఒక డబ్బా చీర్‌వైన్‌లో దాదాపు 40 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండు డబ్బాలకు 80. కప్పు కెచప్‌లో మరో 60 గ్రాముల దాకా ఉంటుంది. ఇంత ఉన్నాక ఇంకో కప్పు బ్రౌన్ షుగర్ ఎందుకు చెప్పండి? చాలా వంటకాల్లో అలా రాసి ఉంటుందని నాకు తెలుసు. నేను ఒప్పుకోను. 1917లో ఎల్.డి. పీలర్ అనే ఆయన సాల్స్‌బరీలో ఈ పానీయాన్ని తయారుచేసినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధపు చక్కెర కరువు నడుస్తోంది. కరువు రోజుల్లో పుట్టిన పానీయాన్ని తెచ్చి చక్కెరలో ముంచడం నాకు కష్టంగా ఉంటుంది. చీర్‌వైన్‌కు తీపిని తోడు ఇవ్వకండి, పులుపును తోడు ఇవ్వండి.

ప్రశ్న: గ్రిల్ మీద కోడి తొడలకు ఈ సాస్ రాస్తే పది నిమిషాల్లో పైన బొగ్గయింది, లోపల ఎముక దగ్గర పచ్చిగానే ఉంది. సెగ తగ్గించినా అంతే. (కేరీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సాస్ ముందు రాశారు, అదే కారణమండీ. తియ్యని సాస్ వంటలో చివరి మెట్టు. మామూలు చక్కెర సుమారు 320 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రంగు తిరగడం మొదలుపెడుతుంది. ఫ్రక్టోజ్ అనే చక్కెరకు అంత వేడి కూడా అక్కర్లేదు, 230 దగ్గరే మొదలవుతుంది. డబ్బాల్లో వచ్చే కూల్‌డ్రింకుల్లో వాడే మొక్కజొన్న పాకంలో సగానికి పైగా ఫ్రక్టోజే. ఎర్రటి బొగ్గుల మీద ఉన్న కమ్మీ 400 డిగ్రీలు సులువుగా దాటుతుంది. ఇక మాడకుండా ఎలా ఉంటుంది?

బొగ్గులన్నిటినీ గ్రిల్‌లో ఒక పక్కకు నెట్టండి. రెండో పక్క, నిప్పు లేని చోట, ఉప్పు, మిరియాల పొడి మాత్రమే పట్టించిన తొడలు పెట్టి మూత వేయండి. మాంసంలో గుచ్చే థర్మామీటర్ కొనుక్కోండి, ఇరవై డాలర్ల లోపు మంచివే దొరుకుతాయి. ముక్క మధ్యలో 165 డిగ్రీలు వస్తే కోడి మాంసం తినడానికి క్షేమం అని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. తొడలైతే నేను 175 దాకా పోనిస్తాను, ఎముక దగ్గర మెత్తబడుతుంది. 155 చూపించినప్పుడు మొదటి పూత వేయండి. ఐదు నిమిషాల తరువాత రెండో పూత. ఆఖరున నిప్పుల వైపు జరిపి, ఒక్కో పక్క ఒక్క నిమిషం. సాస్ బుడగలు వేసి మెరుస్తుంది, అంచుల దగ్గర ఎరుపు ముదురుతుంది. అక్కడితో తీసేయాలి.

సాస్‌ను ముందే రెండు గిన్నెల్లోకి తీసుకోండి. పచ్చి మాంసాన్ని తాకిన బ్రష్ ముంచిన గిన్నె బల్ల మీదకు రాకూడదు.

ప్రశ్న: మా ఆయన ఆఫీసులో లెక్సింగ్టన్ వాళ్లున్నారు. చీర్‌వైన్ సాస్ గురించి చెబితే, అది మా బార్బెక్యూ కాదని ముఖం చిట్లించారట. నార్త్ కరోలినాలో తియ్యని సాస్ పెట్టడం అంత తప్పా? వచ్చే నెల వాళ్లను భోజనానికి పిలుస్తున్నాం. (విన్‌స్టన్ సేలం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తప్పు కాదమ్మా, కానీ వాళ్ల బాధ అర్థం చేసుకోవలసిందే. మా సాల్స్‌బరీ నుంచి యాడ్కిన్ నది దాటి కాసేపు పోతే లెక్సింగ్టన్. అక్కడ బార్బెక్యూ అంటే పంది భుజాన్ని హికరీ కట్టెల నిప్పుల మీద గంటల తరబడి కాల్చి, తరిగి పెట్టడం. దాని మీద పోసేదాన్ని డిప్ అంటారు. వెనిగర్, నీళ్లు, కొంచెం కెచప్, కొంచెం చక్కెర, ఉప్పు, మిరియాలు, ఎండు మిరప. నీళ్లలా పలచగా ఉంటుంది. పక్కన పెట్టే క్యాబేజీ తురుములోనూ మయొనీజ్ బదులు అదే కలుపుతారు, అందుకే అది ఎర్రగా ఉంటుంది. రాష్ట్రానికి తూర్పు వైపు పోతే పందిని మొత్తంగా కాలుస్తారు, వెనిగర్, మిరపకాయలే తప్ప టమాటా చుక్క కూడా తగలనివ్వరు. ఈ రెండు వైపుల వాళ్ల మధ్య తరతరాల వాదం ఉంది. లెక్సింగ్టన్‌లో 1984 నుంచి అక్టోబరులో బార్బెక్యూ ఉత్సవమే జరుగుతోంది. అంత పట్టింపు ఉన్న వాళ్ల ముందు చిక్కటి తియ్యటి సాస్ పెడితే, వాళ్లకు అది కాన్సాస్ సిటీ నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. టమాటా, మొలాసిస్ (చెరకు మడ్డి)తో చిక్కగా చేసే సాస్ ఆ ఊరి పద్ధతి.

మా పక్కింటి పెద్దాయన లెక్సింగ్టన్‌లో పెరిగారు. చర్చి నిధుల కోసం భుజాలు కాల్చేటప్పుడు రాత్రంతా నిప్పు దగ్గర కూర్చునే మనిషి. ఆయన చెప్పే న్యాయం నాకు సబబుగా తోస్తుంది. పొగలో పది గంటలు ఉన్న మాంసానికి దాని రుచి దానికుంది. దాని మీద చిక్కటి సాస్ పోస్తే ఆ పది గంటలూ దాని కింద పడిపోతాయి. పులుపు అలా కాదు, కొవ్వును విరిచి పొగ రుచిని ముందుకు తెస్తుంది. అదే ఆయన కోడి రెక్కలకూ పక్కటెముకలకూ నా చీర్‌వైన్ సాస్ మొహమాటం లేకుండా అడిగి రాయించుకుంటారు. అవి తక్కువ సమయంలో కాలేవి, పైన మెరుగు కోరుకునేవి.

కాబట్టి మీ అతిథులకు పంది భుజం చేస్తున్నట్లయితే డిప్ చేయండి. చీర్‌వైన్‌ను సాస్‌గా కాక, డిప్‌లో చక్కెర బదులు వాడండి. ఒక కప్పు సైడర్ వెనిగర్‌కు పావు కప్పు ఇగిరిన చీర్‌వైన్, మూడు చెంచాల కెచప్, కొన్ని నీళ్లు, మిరప పలుకులు. పలచగా, పుల్లగా, వెనక ఎక్కడో చెర్రీ తగులుతూ ఉంటుంది. పక్కటెముకలు కూడా పెట్టగలిగితే వాటికి చిక్కటి సాస్ పూయండి. ఏది కావాలో వాళ్లే తేల్చుకుంటారు. చల్లటి చీర్‌వైన్ సీసాలు కూడా బల్ల మీద పెట్టండి. ఈ ప్రాంతంలో బార్బెక్యూతో పాటు దాన్ని తాగడం వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటే, ఆ విషయంలో ఎవరూ ముఖం చిట్లించరు.

ప్రశ్న: మేము శాకాహారులం. మా అత్తగారు కూడా ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. ఈ పానీయంలో మద్యం ఉందేమోనని ఆవిడ సందేహం. ఈ సాస్ మేము వాడుకోవచ్చా, దేని మీద వేసుకోవాలి? (గ్రీన్స్‌బరో నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మద్యం చుక్క కూడా లేదని అత్తగారికి చెప్పండమ్మా. ఇది పిల్లలు తాగే పానీయం. మీరు జాగ్రత్త పడవలసింది వేరే చోట ఉంది. నేను పైన చెప్పిన వూస్టర్ సాస్‌లో సాధారణంగా యాంచొవీ అనే చిన్న చేపలు ఉంటాయి. దుకాణంలో కొనే బార్బెక్యూ సాసుల్లో కూడా ఇది కలిసి ఉంటుంది, సీసా వెనక చదవకుండా కొనకండి. చేప లేకుండా చేసిన వూస్టర్ సాస్ దొరుకుతుంది. దొరకకపోతే ఒక చెంచా సోయా సాస్, అర చెంచా వెనిగర్ కలిపి వేయండి, ఆ లోతు వస్తుంది.

దేని మీద అంటే, ఉప్పునీటి డబ్బాల్లో వచ్చే లేత పనసకాయ నాకు అన్నిటికన్నా నచ్చింది. పాకంలో వచ్చే పండు డబ్బా పొరపాటున తేవద్దు. నీళ్లు పిండేసి, పీచులుగా విడదీసి, పెనం మీద అంచులు ఎర్రబడేదాకా వేయించాక సాస్ కలపండి. ముందే కలిపితే ముద్దవుతుంది. కాలీఫ్లవర్‌ను మందపు చెక్కలుగా కోసి గ్రిల్ మీద కాల్చినా బాగుంటుంది. వంకాయ వద్దు, తీపిని పీల్చేసుకుని మెత్తబడిపోతుంది.

ప్రశ్న: మా డాలస్‌లో చీర్‌వైన్ దొరకదు. డాక్టర్ పెప్పర్ అనే కూల్‌డ్రింకుతో చేస్తే అదే సాస్ వస్తుందా? (ఒక పాఠకుడు)

జవాబు: అదే సాస్ రాదండీ, మీ టెక్సస్ సాస్ వస్తుంది. అది ఇంకా మంచిది! డాక్టర్ పెప్పర్ మీ దగ్గరి వేకోలోనే, 1885లో, చార్ల్స్ ఆల్డర్టన్ అనే ఆయన ఒక మందుల దుకాణంలో తయారుచేసింది. దుకాణాల్లో సోడా కలిపి అమ్మే ఆ కాలంలోనే అమెరికాలో ఇలాంటివి ఊరికొకటి పుట్టాయి. డెట్రాయిట్‌లో అల్లం రుచి వెర్నర్స్, మిసిసిపీలోని బిలాక్సీలో బార్క్స్ రూట్ బీర్ (పేరులో బీర్ ఉన్నా ఇదీ కూల్‌డ్రింకే) వచ్చాయి. మా నార్త్ కరోలినాలోనే న్యూ బర్న్ అనే ఊళ్లో కేలబ్ బ్రాడమ్ 1893లో చేసిన పానీయం తరువాత పెప్సీ అయింది. కెంటకీలోని వించెస్టర్‌లో 1926 నుంచి ఏల్ ఎయిట్ వన్ అనే కూల్‌డ్రింకు తయారవుతోంది. పెప్సీ ప్రపంచమంతా తిరిగింది, చీర్‌వైన్, ఏల్ ఎయిట్ వన్ లాంటివి పుట్టిన కుటుంబాల చేతుల్లోనే, పుట్టిన చోటికి దగ్గరగానే ఉండిపోయాయి. ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతపు పానీయంతో సాస్ చేసుకోవడంలో నాకు ఒక అందం కనిపిస్తుంది.

డాక్టర్ పెప్పర్‌లో మసాలా గుణం ఎక్కువ. ఇగిరాక కొంచెం చేదు దిగుతుంది, అది గొడ్డు మాంసానికి, నల్ల మిరియాలకు సరిపోతుంది. కెచప్ తగ్గించి, వెనిగర్‌తో పాటు కాస్త ఆవపొడి పెంచండి. అల్లం రుచి పానీయాలైతే కోడి మాంసానికి మంచివి. రూట్ బీర్‌తో మాత్రం జాగ్రత్త. చాలా రకాల్లో వింటర్‌గ్రీన్ అనే మొక్క వాసన కలుపుతారు, అది నొప్పులకు రాసే బామ్‌లో ఉండే వాసనే. ఇగిరేకొద్దీ మన ముక్కుకు అదే తగులుతుంది. కొనే ముందు ఒక గుక్క తాగి చూసుకోండి. ఏ పానీయమైనా, కొంత మరిగించకుండా చివర్లో కలపాలన్న నియమం మాత్రం మారదు.

ప్రశ్న: మా నాన్నగారికి చక్కెర వ్యాధి ఉంది. చక్కెర లేని రకం కూల్‌డ్రింకుతో ఈ సాస్ చేయవచ్చా? (షార్లెట్ నుంచి మరో పాఠకుడు)

జవాబు: చేయవద్దనే చెబుతాను. పానీయం ఇగిరి పాకమయ్యేది అందులోని చక్కెర వల్ల. చక్కెర లేనిది ఎంత కాచినా రంగునీళ్లుగానే ఉంటుంది. పైగా ఆస్పర్‌టేమ్ వంటి తీపి పదార్థాలు ఎక్కువసేపు వేడి తగిలితే విరిగిపోయి తీపి పోగొట్టుకుంటాయి. నేను చెప్పిన కొలతలతో చేసిన సాస్‌లో రెండు టేబుల్ స్పూన్లకు 7, 8 గ్రాముల చక్కెర పడుతుంది. దుకాణాల్లోని తియ్యని సాసుల్లో కొన్నింటిలో ఇందుకు రెట్టింపు ఉంటుంది. అయినా నాన్నగారికి ఎంత పెట్టవచ్చో ఆయన వైద్యుణ్ని అడిగే పెట్టండి. ఆయన కోసం విడిగా తూర్పు కరోలినా పద్ధతిలో వెనిగర్, ఉప్పు, మిరప పలుకులు కలిపి ఒక సీసాలో పోసి రాత్రంతా ఉంచండి. ఆ సాస్‌లో కెచప్ లేదు, చక్కెర అవసరమూ లేదు. కాల్చిన మాంసం మీద అది ఎవరికీ తక్కువ అనిపించదు.

ప్రశ్న: ఎక్కువ చేసి గాజు సీసాల్లో నింపి, సీలు వేసి బంధువులకు పార్సిల్ పంపాలనుకుంటున్నాను. ఎన్నాళ్లు ఉంటుంది? (మోరిస్‌విల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఫ్రిజ్‌లో అయితే రెండు వారాలు. ఇంకా ఉంచాలంటే చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టండి, రుచి పెద్దగా తగ్గదు. సీలు వేసి బయట నిలవ ఉంచడానికి మాత్రం ఈ సాస్ పనికిరాదు. అలా ఉంచే పదార్థపు పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 కన్నా తక్కువ ఉండాలి. వెనిగర్ ఉంది కదా, సరిపోతుందిలే అనుకోవడానికి లేదు. ఇందులో ఉల్లి, వెల్లుల్లి, వెన్న ఉన్నాయి, ఒక్కొక్కరి చేతిలో కొలత ఒక్కోలా పడుతుంది. గాలి తగలని సీసాలో బాట్యులిజం అనే ప్రాణాపాయకరమైన జబ్బు తెచ్చే క్రిమి పెరిగితే రంగులో గానీ వాసనలో గానీ తెలియకపోవచ్చు. మీ బంధువులకు చీర్‌వైన్ సీసాలు నాలుగు పంపి, కొలతలు కాగితం మీద రాసి లోపల పెట్టండి. చెరకు చక్కెరతో చేసి గాజు సీసాల్లో నింపేది దొరికితే అది పంపండి, పగలకుండా ఒక్కో సీసాకు విడిగా గుడ్డ చుట్టాలి.